నర్సు చెయ్యి ఎక్కడిదాకా

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం అనకాపల్లిలోనే గడిచింది. నాకు వచ్చిన పదోన్నతుల గురించి, వీడ్కోలు సభలో కప్పిన శాలువాల గురించి ఇక్కడ రాయడం లేదు. అవి నాకు తప్ప ఎవరికీ పనికిరావు. కొత్తగా వార్డులోకి అడుగుపెట్టే నర్సు పిల్లలకి పనికొచ్చే సంగతి ఒకటుంది, అది రాస్తాను.

మూడేళ్ళు చదువుతారు, పరీక్షలు పాసవుతారు, నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదవుతుంది. ఇంత అయ్యాక కూడా ఏది తన పని, ఏది తన పని కాదు అన్నది సరిగ్గా తెలియకుండానే చాలామంది ఉద్యోగంలో చేరతారు. దాన్ని విడమరిచి చెప్పిన కాగితం నా రోజుల్లో నా చేతికి ఎవరూ ఇవ్వలేదు. పెద్ద సిస్టర్లు చెప్పాలి. వాళ్ళకి తీరిక ఉండదు. అందుకని పిల్లలు దెబ్బలు తిని నేర్చుకుంటారు. ఆ దెబ్బలు ఒక్కోసారి వాళ్ళకి కాదు, రోగికి తగులుతాయి.

రెండువేల సంవత్సరం దాటాక మా ఆస్పత్రిలో చేరిన ఒక అమ్మాయి గురించి చెబుతాను. రాస్తున్నానని ఫోన్ చేసి చెబితే "పేరు మార్చి రాయండి సిస్టర్" అంది. మార్చాను. ఇందులో ఆమె పేరు సునీత.

మా ఆస్పత్రి

అది ప్రైవేటు ఆస్పత్రి. రెండంతస్తుల మేడ. బెల్లం మార్కెట్టుకి వెళ్ళే బళ్ళు మా గేటు ముందు నుంచే పోయేవి. ఆస్పత్రి యజమాని, పెద్ద సర్జన్ ఒకరే, డాక్టర్ మూర్తి గారు. చెయ్యి మంచిది, మాట తొందర. రోగి చెప్పేది సగం వినేసరికే ఆయనకి రోగం ఏమిటో తెలిసిపోయేది. మిగతా సగం వినేవారు కాదు. నేను అక్కడ వార్డులకి ఇన్‌ఛార్జి సిస్టర్ని.

తెల్లబట్టలు వేసుకుని తిరిగేవాళ్ళలో సగం మంది నర్సింగ్ చదవలేదు. చూసి నేర్చుకున్నవాళ్ళు. కాంపౌండరు కుట్లు వేసేవాడు. ఆయాలు సూదులు వేసేవారు. ఇప్పటికీ చిన్న ఊళ్ళలో చాలా చోట్ల ఇదే వరస. చదువుకుని వచ్చిన నర్సుకి అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. చదువు లేనివాళ్ళే చేసేస్తున్నారు కదా, నేను చెయ్యలేనా అనిపిస్తుంది. నలుగురూ అదే మాట అంటారు కూడా. నన్నడిగితే, చదువుకున్నందుకే కొన్ని పనులు మనం చెయ్యకూడదు. తప్పు ఎక్కడ జరగొచ్చో మనకి తెలుసు కాబట్టి.

సునీతది కొండకర్ల. తండ్రి అక్కడి ఆవలో, అంటే పెద్ద మంచినీటి చెరువులో, చేపలు పట్టేవాడు. రోజూ ఊరినుంచి వచ్చి వెళ్ళేది. పనిలో చురుకు, మాటలో నెమ్మది. వచ్చిన కొద్ది రోజులకే రోగులు పేరు పెట్టి పిలిచేవారు.

కత్తి దెబ్బ

చెరకు నరికే రోజులు. దేవరాపల్లి వైపు నుంచి అప్పలనాయుడు అనే కూలీని అతని బావ ఆటోలో తీసుకొచ్చాడు. చెరకు కత్తి జారి పాదం మీద పడింది. మూర్తి గారు ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు. కాంపౌండరు భోజనానికి వెళ్ళాడు. నేను మేడ మీద వార్డులో ఉన్నాను. కింద సునీత ఒక్కతే ఉంది.

గాయం కడిగింది. గట్టిగా అదిమి కట్టి రక్తం ఆపింది. అంతవరకు అంతా సవ్యంగానే ఉంది.

"డాక్టర్ గారు వచ్చి చూస్తారు, కూచోండి" అంది.

"ఎంత సేపు కూకోవాలమ్మా?" అన్నాడు బావ. "పొద్దుగూకితే మా ఊరికి బండి దొరకదు. నువ్వే కుట్టీయ్, బేగి ఎల్లిపోతాం."

"కుట్లు డాక్టర్ గారే వెయ్యాలండి."

"మొన్న మా ఊరోడికి మీ కాంపౌండరే కుట్టేడు కదా. నువ్వు సదువుకున్నావు. నీకు రాదేటి?"

రాదేటి అన్న ఆ మాట ఆ పిల్లకి తగిలింది. ట్రైనింగులో చూసింది, ఒకటి రెండు సార్లు వేసింది కూడా. మొద్దుబారే మందు ఎక్కించి కుట్టేసింది. డాక్టరు రాసి ఉంచిన పద్ధతి ప్రకారం ధనుర్వాతం సూది వేసి పంపించింది. బావ దండం పెట్టి మరీ వెళ్ళాడు.

కట్టు మార్పించుకోవడానికి వాళ్ళిద్దరూ తిరిగి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. గాయం శుభ్రంగా ఉంది. కుట్లు ఒకే కొలతలో, దర్జీ వేసినట్టు ఉన్నాయి. అప్పలనాయుడు మాత్రం తన పాదం వైపు చూస్తూ "బొటనేలు పైకి లెగట్లేదమ్మా" అన్నాడు.

ఎత్తమన్నాను. మిగతా వేళ్ళు లేచాయి. బొటనవేలు లేవలేదు. లోపల వేలిని పైకి లాగే తాడు లాంటి స్నాయువు తెగిపోయి ఉంది. దాని మీద చర్మాన్ని చక్కగా మూసేశాం.

మూర్తి గారిని పిలిచాను. ఆయన చూసి, లేచి నిలబడి, "ఎవరు కుట్టారు?" అన్నారు.

"నేనే సార్" అంది సునీత.

"నిన్నెవరు కుట్టమన్నారు?"

ఆ పిల్ల తల వంచుకుంది. రోగి ముందు మాట్లాడకూడదని ఆగి, ఆయన గదిలోకి వెళ్ళాక నేను అన్నాను: "ఆదివారాలు చిన్న గాయాలకి మీరే పిల్లల్ని కుట్టెయ్యమంటారు కదా సార్."

"చిన్న గాయాలకి అన్నాను."

"చిన్నదో పెద్దదో చూసి తేల్చేది ఎవరు సార్?"

 ఆయన, "కత్తి పడినప్పుడే తెగిపోయింది. మనం చేసిందేం లేదు. అలాగే చెప్పండి" అన్నారు. అందులో సగం నిజం ఉంది. తెగింది కత్తికే. తెగిందని ఆ రోజే చూడకపోవడం మన వల్ల. ఆ రెండో సగం కూడా చెప్పాలి, అది మీరే చెప్పాలి అన్నాను. నామీద కోపం వచ్చింది. అయినా లేచి వెళ్ళి ఆయనే చెప్పారు. ఆ విషయంలో ఆయన్ని తక్కువ చెయ్యను.

బావ గోల చేస్తాడనుకున్నాం. అతను విని, నేల చూపులు చూస్తూ అన్నాడు: "ఆ గుంట సెప్పింది బాబూ, డాక్టరొచ్చేదాకా కూకోమని. నానే ఇన్నేదు."

మూర్తి గారు విశాఖపట్నంలో తెలిసిన ఎముకల డాక్టరు దగ్గరికి వెంటనే పంపించారు. తిరిగి తెరిచి, స్నాయువు పట్టి కుట్టారు. అప్పలనాయుడు చాలా కాలం మంచం మీద ఉన్నాడు. తర్వాత నడిచాడు, పనికీ వెళ్ళాడు. బొటనవేలు మాత్రం సగమే లేచేది. తడి గట్టు మీద నడిచేటప్పుడు వేలు ముందుకు తన్నుకుంటుందని ఒకసారి నాతో చెప్పాడు.

పిల్లలూ, ఇక్కడ సునీతకి కుట్టడం రాకపోవడం కాదు సమస్య. ఆమె కుట్లు కాంపౌండరు కుట్లకన్నా బాగున్నాయి. కుట్టడం చేతి పని. కుట్టబోయే ముందు లోపల ఏం తెగింది, మూయొచ్చా, మూయకూడదా అని తేల్చడం వేరే చదువు. అది మనకి నేర్పలేదు. నేర్పని పనికి మన రిజిస్ట్రేషన్ కాపు కాయదు. చెయ్యమన్న డాక్టరు కూడా కాపు కాయడు. అవసరం వచ్చినప్పుడు "కానియ్" అన్న నోరే, ఇబ్బంది వచ్చినప్పుడు "ఎవరు చెయ్యమన్నారు" అంటుంది. ఇది మూర్తి గారి ఒక్కరి గుణం కాదు. నేను పనిచేసిన చోటల్లా చూశాను.

ఇంకో మాట. వేలు ఎత్తమని అడగడం, స్పర్శ తెలుస్తోందా అని ముట్టి చూడడం, లేవకపోతే ఆ సంగతి డాక్టరుకి థియేటర్లోకైనా కబురు పెట్టడం, ఇవన్నీ నర్సు పనులే. ఆ రోజు మన పని కానిది చేశాం, మన పనిని వదిలేశాం. రెండూ ఒకేసారి జరుగుతాయని అప్పటిదాకా నేను కూడా ఇంత స్పష్టంగా చూడలేదు.

అడగనిదే ఏదీ చెయ్యని అమ్మాయి

ఆ తర్వాత సునీత మారిపోయింది. దేనికైనా అనుమతి కావాలి. జ్వరం వచ్చిన పిల్లాడికి తడిగుడ్డ వెయ్యడానికి కూడా డాక్టరుకి ఫోన్ చేసేది. రోగి ఆయాసపడుతుంటే తలవైపు మంచం ఎత్తమంటారా అని వచ్చి అడిగేది. మూర్తి గారికి ఇది నచ్చింది. "ఇప్పుడు బుద్ధిగా ఉంది" అన్నారు. నాకు నచ్చలేదు. ఆమెని కూచోబెట్టి మాట్లాడాలనుకుంటూనే ఉన్నాను. ఇంతలో ఇది జరిగింది.

బెల్లం వ్యాపారం చేసే ఇంటి కోడలు మాధవి. గర్భం పోయి, రక్తం చాలా పోయి మా దగ్గర చేరింది. రక్తం ఎక్కించమని మూర్తి గారు రాసి థియేటర్లోకి వెళ్ళారు. సునీత రక్తం సంచి మీద పేరు, గ్రూపు అన్నీ సరిచూసి మొదలుపెట్టి పక్కనే నిలబడింది. మొదట్లో దగ్గరే ఉండి చూడాలని ఆమెకి తెలుసు. అది చక్కగా చేసింది.

కాసేపటికి మాధవికి చలి మొదలైంది. వణుకు వచ్చింది. నడుము పట్టేసినట్టుంది అంది. సునీత థియేటర్‌కి ఫోన్ చేసింది. సార్ చేతులు రోగి కడుపులో ఉన్నాయి, ఆగు అన్నారు అవతలి వాళ్ళు. తిరిగి మంచం దగ్గరికి వచ్చి చూసింది. వణుకు పెరిగింది. ఈసారి థియేటర్ తలుపు దగ్గరికే పరుగెత్తి అక్కడ నిలబడింది.

మాధవి అత్తగారు పార్వతమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆవిడ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "సిస్టరమ్మా, ఓసారి రండి. కోడలు వణికిపోతంది. ఆ అమ్మాయి డాక్టరు కోసం ఎల్లింది. ఆ రక్తం అలాగే ఎక్కుతంది" అన్నారు.

నేను వెళ్ళి మొదట గొట్టం బిగించాను. రక్తం గొట్టం తీసేసి, సూది అలాగే ఉంచి, కొత్త గొట్టంతో సెలైన్ పెట్టాను. నాడి, బీపీ చూశాను. సంచి పారెయ్యకుండా పక్కన పెట్టాను. అప్పుడు డాక్టరుకి కబురు చేశాను. ఆయన థియేటర్లోంచే మందులు చెప్పారు, పని ముగించుకుని వచ్చి చూశారు. రక్తం గ్రూపు సరైనదే. ఒక్కోసారి సరైన రక్తం కూడా ఒంటికి పడదు. సాయంత్రానికి వణుకు తగ్గింది. మాధవి మర్నాడు ఇడ్లీ అడిగి తింది. బతికి బయటపడింది కాబట్టి ఈ కథ ఇంత నింపాదిగా చెబుతున్నాను.

దుప్పట్లు పెట్టే గదిలోకి సునీతని పిలిచాను.

"ఎందుకు ఆపలేదు?"

"పెట్టమని సార్ రాసేరు. ఆపమని సార్ చెప్పలేదు." మళ్ళీ తనే అడిగింది: "నేను ఆపొచ్చేటండి?"

"ఆపొచ్చా అని కాదమ్మా. ఆపాలి. అది నీ పని. డాక్టరు వచ్చేదాకా ఆగితే తప్పు నీదవుతుంది."

ఆమె ఏడవలేదు. మడత పెట్టిన దుప్పటి అంచు పట్టుకుని అంది: "ఆ రోజు కుట్టేనని తిట్టేరు. ఈ రోజు ఆపలేదని తిడతన్నారు. నేనేటి చెయ్యాలి సిస్టర్?"

 నిజానికి ఆ ప్రశ్న సరైనది. చెయ్యకూడనివి ఏమిటో మేం అరిచి చెబుతాం. ఎవర్నీ అడక్కుండా చెయ్యాల్సినవి ఏమిటో ఎవరమూ చెప్పం. హద్దు అనగానే ఆగిపోవడం ఒక్కటే గుర్తొస్తుంది. హద్దుకి ఇవతల ఉన్నదంతా మనదే, దాన్ని బీడు పెట్టకూడదు అన్నది గుర్తురాదు.

ఆ తర్వాత మధ్యాహ్నాలు వార్డు సద్దుమణిగినప్పుడు ఇద్దరం కూచునేవాళ్ళం. ఒక్కొక్క రోగిని పట్టుకుని మాట్లాడుకునేవాళ్ళం. ఈమెకి ఊపిరి అందకపోతే నువ్వేం చేస్తావు? ఆక్సిజన్ పెట్టి పిలుస్తావా, పిలిచి పెడతావా? డాక్టరు రాసిన మందు మోతాదు ఎక్కువ అనిపిస్తే? ఇస్తావా, ఆపి అడుగుతావా? బాగా కోప్పడే డాక్టరైతే? ఆమె మొదట భయపడుతూ చెప్పేది. తర్వాత నాతోనే వాదించేది. వాదించడం మొదలుపెట్టాక నాకు నిశ్చింత కలిగింది.

చెప్పడం ఎవరి పని

మరుసటి ఏడు, ఎలమంచిలి దగ్గర పల్లె నుంచి పైడమ్మ వచ్చింది. వయసులో చిన్నదే, ఒక్క కూతురు ఉంది. తరచూ కడుపునొప్పి, నెలసరి సరిగ్గా ఉండేది కాదు. గర్భసంచి తీసెయ్యాలని మూర్తి గారు నిర్ణయించారు. ఆ రోజుల్లో గర్భసంచి తీసెయ్యడం చాలా చోట్ల పన్ను పీకినంత తేలిగ్గా జరిగేది. అవసరమై చేసినవి ఎన్నో, అవసరం లేకుండా చేసినవి ఎన్నో నేను చెప్పలేను. అన్నీ అవసరమై చేసినవి కావని మాత్రం చెప్పగలను.

ఆపరేషన్ రోజు ఉదయం సునీత ఆమెని తయారు చేస్తోంది. పైడమ్మ సిగ్గుపడుతూ అడిగింది: "ఇది అయిపోనాక ఎన్నాళ్ళు ఆగాలమ్మా, మళ్ళీ నీళ్ళోసుకోడానికి? మా ఆయనకి మగపిల్లోడు కావాల."

సునీత చేతిలో పని ఆపింది. "నీకు డాక్టర్ గారు ఏటి చెప్పేరు?" అని అడిగింది.

"నాకేటీ సెప్పనేదు. మా ఆయనకి సెప్పేరు. సిన్న ఆపరేసనంట, నొప్పి పోతాదంట."

సునీత అక్కడితో ఆగి నా దగ్గరికి వచ్చి చెప్పింది. ఇద్దరం మూర్తి గారి దగ్గరికి వెళ్ళాం. మాట్లాడింది ఆమే.

"సార్, పైడమ్మకి గర్భసంచి తీస్తారని తెలీదు."

"భర్తకి చెప్పానమ్మా. సంతకం పెట్టాడు. మత్తు డాక్టరు వచ్చి కూచున్నారు. నువ్వు ఆవిడకి ఓ మాట చెప్పి లోపలికి తీసుకురా."

"తయారు చెయ్యడం నా పని సార్, చేస్తాను. ఆ మాట మాత్రం మీరే చెప్పాలి."

"నీకు తెలీదా గర్భసంచి తీస్తే ఏమవుతుందో?"

"తెలుసు సార్. తియ్యకపోతే ఏమవుతుందో, ఇంకో దారి ఉందో లేదో ఆవిడ అడుగుతుంది. దానికి నేను జవాబు చెప్పకూడదు."

మూర్తి గారు నా వైపు చూశారు. ఆ అమ్మాయికి నేను ఏదో ఒకటి చెప్పి పంపిస్తానని ఆయన ఆశ.  అప్పుడు నోరు మూసుకోవడమే నా ఉద్యోగం అనిపించింది.

ఆయన విసురుగా లేచి వార్డులోకి వెళ్ళారు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూచున్నారు. మొదట గబగబా చెప్పారు. పైడమ్మకి అర్థం కాలేదని మొహంలోనే తెలిసింది. రెండోసారి నెమ్మదిగా చెప్పారు. తీసేస్తే ఇక పిల్లలు పుట్టరు. తియ్యకుండా కొన్నాళ్ళు మందులు వాడి చూడొచ్చు, తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు.

పైడమ్మ చాలాసేపు తన కడుపు వైపు చూసుకుంది. "అయితే వొద్దు బాబూ. మందులే ఇయ్యండి" అంది.

గుమ్మంలో నిలబడ్డ ఆమె భర్త వాదిస్తాడనుకున్నాను. అతను ముందుకు వచ్చి, "సంచి అంటే అదేనని నాకూ తెలీదు బాబూ. ఏదో గడ్డ అనుకున్నాను" అన్నాడు.

మత్తు డాక్టరు తన సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. పైడమ్మ మందులతో ఇంటికి వెళ్ళింది. తర్వాత ఆమెకి ఏమైందో నాకు తెలియదు. తగ్గిందో, ఇంకో ఆస్పత్రికి వెళ్ళిందో. మన పనిలో చాలామంది కథల ముగింపు మనకి తెలియదు. ఆ రోజు మటుకు తన ఒంటి సంగతి తాను తేల్చుకుని వెళ్ళింది, అంతే తెలుసు.

మూర్తి గారు సునీతతో మాట్లాడడం మానేశారు. రౌండ్స్‌లో ఆమె పక్కనే ఉన్నా నన్ను అడిగేవారు. సునీత కొండకర్ల దగ్గర్లో ఏదైనా ఉద్యోగం చూసుకుంటానంది. తొందరపడొద్దని అన్నాను గాని, పొమ్మంటారేమోనని నాకూ అనుమానంగానే ఉంది.

థియేటర్

ఒక రోజు ఆయన ఇద్దర్నీ తన గదిలోకి పిలిచారు. కాగితాల మీంచి తల ఎత్తకుండానే, "సిస్టర్, ఈ అమ్మాయిని థియేటర్లోకి మార్చండి" అన్నారు.

శిక్షగా పంపిస్తున్నారనుకున్నాను. మా దగ్గర థియేటర్ పనిలో ఎక్కువ సేపు నిలబడాలి, ఆయన కోపం నేరుగా పడేది కూడా అక్కడే. ఎందుకు సార్ అని అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "లోపల నేను తొందరపడితే ఆగండి సార్ అనే మనిషి ఒకరు ఉండాలి. నాకు ఇంతవరకు దొరకలేదు" అన్నారు.

నేను సునీత వైపు చూశాను. ఇంకెవరైనా అయితే దండం పెట్టి ఒప్పుకునేవారు. 

"నాకు థియేటర్ పని రాదు సార్" అంది. "నేర్పించండి, వత్తాను."

మూర్తి గారు నవ్వలేదు, కోప్పడలేదు. "సోమవారం నుంచి రా" అన్నారు.

ఆ సోమవారం నేను పని మీద థియేటర్ వైపు వెళ్ళినప్పుడు తలుపు అద్దంలోంచి చూశాను. సునీత టోపీ, ముక్కుగుడ్డ కట్టుకుని గోడ పక్కన నిలబడి ఉంది. చేతులు రెండూ గుండె దగ్గర ముడుచుకుని, దేన్నీ ముట్టుకోకుండా, థియేటర్ సిస్టర్ ఒక్కొక్క పనిముట్టు అందిస్తుంటే దాని పేరు పెదాలతో పలుక్కుంటోంది.